లాక్‌డౌన్ చలికాలంలో రోజూ కెమెరాతో నడక: ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగువారికి ఎలా చేయాలో

ఇంగ్లండ్‌లో మూడవ కొవిడ్ లాక్‌డౌన్ 2021 జనవరి 6న అమలులోకి వచ్చాక ఇక్కడి తెలుగు మిత్రులు చాలామంది ఒకే ప్రశ్నను రకరకాలుగా అడిగారు. రోజుకు ఒకసారి నడకకు వెళ్లే వీలుంది, కెమెరా కూడా ఉంది, కానీ బయట అంతా బూడిదరంగు, చేతులు కొంకర్లు పోయే చలి, నాలుగు గంటలకే చీకటి. ఇందులో ఏం తీయాలి, ఎలా తీయాలి అన్నది వారి ప్రశ్న. మంచు కురిసిన రోజు ఎంతో ఆశగా తీసిన ఫొటోలు మురికిగా వచ్చాయనీ, ఇంటికి రాగానే లెన్స్ మీద నీరు పట్టిందనీ అడిగినవారు కూడా తక్కువేమీ కాదు. ఆ జవాబులన్నిటినీ ఇక్కడ ఒక క్రమంలో ఇస్తున్నాను. కొత్త చోట్లకు వెళ్లే వీలు లేని రోజుల్లో కూడా ఒకే దారిని ప్రతిరోజూ నడిచి, అక్కడ వెలుగు, వాతావరణం తెచ్చే మార్పును తీయడం నేర్చుకుంటే చలికాలం ఫొటోగ్రఫీకి ఎంతో అనుకూలమైన కాలమని నా గట్టి నమ్మకం.

కావలసినవి

కెమెరా ఏదైనా సరిపోతుంది. ఫోన్‌తో కూడా ఇందులోని దాదాపు అన్ని పనులూ చేయవచ్చు. లెన్స్‌లు మార్చుకునే కెమెరా అయితే ఒకే ఒక్క లెన్స్ తీసుకెళ్లండి. ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్ము ఫ్రేమంత సెన్సర్, అంటే వెలుగును పట్టే ఫలకం ఉన్న కెమెరా) లెక్కన 35 లేదా 50 మి.మీ. లెన్స్ ఈ పనికి చక్కగా సరిపోతుంది. చినుకుల్లోనూ మంచులోనూ దారి మధ్య నిలబడి లెన్స్ మారిస్తే సెన్సర్ మీద తేమ, దుమ్ము చేరతాయి కనుక మార్చే అవసరమే రాకుండా చూసుకోవడం మేలు.

వీటితో పాటు అదనపు బ్యాటరీ ఒకటి, గాలి చొరకుండా మూసుకునే పెద్ద జిప్ కవరు ఒకటి, కళ్లద్దాలు తుడుచుకునే మెత్తని గుడ్డ రెండు, లెన్స్ హుడ్ (లెన్స్ ముందు తగిలించే గొట్టం వంటి తొడుగు), గాలి ఊదే రబ్బరు బ్లోయర్ ఉండాలి. చేతులకు పలుచని గ్లవ్స్ ఒక జత, వాటి మీద వేసుకునేందుకు వేళ్లు విడిగా లేని మందపాటి గ్లవ్స్ మరో జత కావాలి. ఫొటో తీసేటప్పుడు పై జతను మాత్రమే విప్పితే వేళ్లు మొద్దుబారవు. అడుగుభాగం జారని బూట్లు తప్పనిసరి. ఊరి నుంచి తెచ్చుకున్న మంకీ క్యాప్ ఉంటే నిరభ్యంతరంగా పెట్టుకోండి, చెవులకు అంతకంటే మంచి రక్షణ లేదు. ట్రైపాడ్ (కెమెరాను నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు) అక్కరలేదు, కారణం మొదటి మెట్టులోనే తెలుస్తుంది.

1. నిబంధనలు చూసుకుని దారిని నిర్ణయించుకోండి

2021 మొదట్లోని ఆ లాక్‌డౌన్‌లో ఇంగ్లండ్‌లో వ్యాయామం కోసం బయటకు వెళ్లే అనుమతి ఉండేది. దానిని రోజుకు ఒకసారికి పరిమితం చేసుకోవాలనీ, మీ స్థానిక ప్రాంతం దాటి పోవద్దనీ ప్రభుత్వ మార్గదర్శకాలు చెప్పాయి. మీ ఇంటివారితో గానీ, మీ సపోర్ట్ బబుల్‌లో (ఒంటరిగా ఉండేవారి వంటి ఇల్లు మరొక ఇంటితో కలిసి ఒకే కుటుంబంలా మెలిగే ఏర్పాటు) ఉన్నవారితో గానీ, లేదా వేరే ఇంటికి చెందిన ఒకే ఒక్క వ్యక్తితో గానీ నడిచే వీలుండేది. వేల్స్‌లో ఉంటున్నవారు నడకను ఇంటి దగ్గరే మొదలుపెట్టి ఇంటి దగ్గరే ముగించాల్సి ఉండేది. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో ఉన్నవారికి తమ ప్రభుత్వాల నిబంధనలు విడిగా ఉండేవి.

అప్పటి అనుమతి నడకకే కాని, ఒకచోట తిష్ఠ వేయడానికి కాదు. ట్రైపాడ్ నిలబెట్టి గంటసేపు సూర్యాస్తమయం కోసం ఎదురుచూడటం వ్యాయామం అనిపించుకోదు. నడుస్తూ, ఆగి ఫొటో తీసి, మళ్లీ నడవండి. మంచి దృశ్యం కోసం కొండలు, సరస్సులు ఉన్న లేక్ డిస్ట్రిక్ట్‌కో, స్నోడోనియాకో కారు వేసుకుని వెళ్లే ఆలోచన అప్పుడు పూర్తిగా మానుకోవలసి వచ్చింది.

ఇంటి నుంచి బయలుదేరి వేరే వీధి మీదుగా తిరిగి వచ్చేలా రెండు, మూడు కిలోమీటర్ల చుట్టుదారిని ఎంచుకోండి. ఆ దారిలో మూడు రకాల చోట్లు ఉండేలా చూసుకుంటే చాలు: నీళ్లుండే చోటు ఒకటి, అది చెరువైనా, కాలువైనా, ఎప్పుడూ నీరు నిలిచే గుంట అయినా ఫరవాలేదు, ఆకులు రాల్చిన పెద్ద చెట్లు ఉండే చోటు ఒకటి, ఎండ పడే గోడల వరుస ఒకటి. స్లౌ, హౌన్‌స్లో, ఈస్ట్ హామ్, రెడింగ్ వంటి చోట్ల టెర్రస్ ఇళ్ల (గోడలు కలిసి వరుసగా కట్టిన ఇళ్ల) వీధి నుంచి బయలుదేరితే అరగంట నడకలో ఈ మూడూ సాధారణంగా దొరుకుతాయి. కాలువ గట్టు దారులు ఇరుకుగా ఉండి అప్పటి రెండు మీటర్ల దూరపు నియమం పాటించడం కష్టమయ్యేది కనుక శని, ఆదివారాలలో వాటిని వదిలేయడం మేలుగా ఉండేది.

2. సమయాన్ని ఎంచుకోండి

మన ఊళ్లలో ఫొటోలు తీయడం నేర్చుకున్నవారికి మధ్యాహ్నం బయటకు వెళ్లకూడదన్న అలవాటు బలంగా ఉంటుంది. ఇక్కడ చలికాలంలో ఆ అలవాటును పక్కన పెట్టాలి. డిసెంబరు 21న హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటే, లండన్‌లో 15 డిగ్రీలకు మించి పైకి రాడు. అంటే ఇక్కడి పన్నెండు గంటల వెలుగు హైదరాబాదులో ఉదయం ఎనిమిది గంటల ప్రాంతపు వెలుగులాగా ఏటవాలుగా, నీడలు పొడవుగా సాగేలా పడుతుంది. ఫిబ్రవరి మధ్యకు కూడా ఆ ఎత్తు సుమారు 25 డిగ్రీలే. ఇంటి నుంచి ఉద్యోగం చేస్తున్నవారు భోజన విరామంలో వెళ్లినా మంచి వెలుగే దొరుకుతుందని నిశ్చింతగా ఉండవచ్చు.

జనవరి మొదట్లో లండన్‌లో సూర్యోదయం ఎనిమిది దాటిన తరువాత, సూర్యాస్తమయం నాలుగు గంటల ప్రాంతంలో. ఫిబ్రవరి మధ్యకు ఇవి సుమారు ఏడుంబావుకు, అయిదుంబావుకు మారతాయి. ఫ్రాస్ట్ (గడ్డి, ఆకుల మీద పేరుకునే తెల్లని గడ్డకట్టిన పొర) కావాలనుకుంటే సూర్యోదయం వేళకే బయట ఉండాలి, ఎందుకంటే ఎండ తగిలిన గడ్డి మీద అది చాలా త్వరగా కరిగిపోతుంది. నిద్ర లేవడం ఆలస్యమైతే గోడలకూ కంచెలకూ ఉత్తరం వైపున నీడపట్టున వెతకండి, అక్కడ మధ్యాహ్నం దాకా కూడా నిలిచి ఉండవచ్చు. సూర్యుడు అస్తమించిన తరువాత అరగంటపాటు ఆకాశం ముదురు నీలంగా ఉండి, కిటికీల్లో దీపాలు పసుపుగా వెలిగే సమయం మరొక మంచి అవకాశం. ఒంటరిగా వెళ్లేవారు ఆ వేళలో ఏ దారిన వెళుతున్నారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

3. సెట్టింగులు ఇంట్లోనే పెట్టుకోండి

చలిలో గ్లవ్స్‌తో మెనూలు వెతకడం కష్టం. బయలుదేరే ముందే ఫైల్ రకాన్ని ‘రా’ (RAW, కెమెరా పట్టిన సమాచారమంతా అలాగే దాచే ఫైల్)కు మార్చండి. వెలుగును, రంగును తరువాత సరిచేసుకోవడానికి అది ఎంతో ఉపకరిస్తుంది. అపర్చర్ ప్రయారిటీ మోడ్‌లో (వెలుగు వచ్చే రంధ్రం సైజును మీరు పెట్టి, మిగతాది కెమెరాకు వదిలే పద్ధతి) ఎఫ్ 5.6 పెట్టి, ఆటో ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) పై హద్దును 3200గా, కనీస షట్టర్ వేగాన్ని (వెలుగు లోపలికి పడే సమయం) 1/125 సెకనుగా నిర్ణయించండి. చలికి చేతులు వణుకుతాయి కనుక వేసవిలో సరిపోయిన 1/60 ఇప్పుడు సరిపోకపోవచ్చు. వైట్ బ్యాలెన్స్‌ను (రంగుల ఛాయను సరిచేసే సెట్టింగు) ఆటోలో వదలకుండా డేలైట్ లేదా క్లౌడీలో ఉంచితే ఆ రోజు ఫొటోలన్నీ ఒకే తీరు రంగులో వస్తాయి.

చాలా కెమెరాల మాన్యువల్స్ సున్నా నుంచి 40 డిగ్రీల వరకు వాడమని చెబుతాయి. సున్నాకు కాస్త దిగువన కెమెరా సాధారణంగా పనిచేస్తుంది కానీ, లిథియం బ్యాటరీ శక్తి మాత్రం త్వరగా పడిపోతుంది. అదనపు బ్యాటరీని కోటు లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. కెమెరాలోని బ్యాటరీ అయిపోయినట్టు చూపిస్తే రెండింటినీ మార్చండి. తీసిన బ్యాటరీ జేబులో వెచ్చబడ్డాక మరికొన్ని ఫొటోలకు తిరిగి పనికొస్తుంది. ఫోన్ అయితే 50 శాతం చూపిస్తూనే ఉన్నట్టుండి ఆగిపోవచ్చు, అందుకని దాన్ని కూడా లోపలి జేబులోనే ఉంచి, తీసేటప్పుడు మాత్రమే బయటపెట్టండి. 2021 ఫిబ్రవరి 11న మైనస్ 23 డిగ్రీలు నమోదైన బ్రేమార్ వంటి స్కాట్లండ్ లోపలి ప్రాంతాలవారికి ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

4. రోజూ ఒకే చోటి నుంచి ఒక ఫొటో తీయండి

ఈ మొత్తం పనికి వెన్నెముక ఇదే, దీన్ని మాత్రం వదలకండి. మీ దారిలో ఒక చెట్టునో, వంతెననో, వీధి మలుపునో ఎంచుకుని, ప్రతిరోజూ అదే చోట నిలబడి అదే ఫ్రేమ్‌తో ఒక ఫొటో తీయాలి. ఎంచుకునే దృశ్యంలో ఆకాశం, నేల, ఒక నిలువు వస్తువు ఉంటే మార్పు బాగా కనిపిస్తుంది. మరీ అందమైన చోటు కోసం వెతకనక్కరలేదు. వెలుగు ఎక్కువగా మారే చోటు కావాలి.

కదలని గుర్తు పక్కనే నిలబడండి: దీపస్తంభం, మ్యాన్‌హోల్ మూత, కంచె మూల వంటివి. జూమ్ లెన్స్ అయితే ఒకే ఫోకల్ లెంగ్త్ (జూమ్ స్థాయి) వాడండి. కెమెరాను ఎప్పుడూ కంటి ఎత్తులోనే పట్టుకోండి. మొదటి రోజు ఫొటోలో ఎడమ అంచు ఎక్కడ తెగిందో, అడుగు అంచున ఏముందో చూసుకుని, ఆ ఫొటోను ఫోన్‌లో ఉంచుకుని ప్రతిరోజూ దానితో పోల్చి నిలబడండి. చాలామంది మధ్యలో ఉన్న చెట్టును మాత్రమే సరిచూసుకుంటారు. ఫ్రేమ్ కుదిరేది అంచులు కలిసినప్పుడే.

సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి వారం చివర ఏడు ఫొటోలను కంప్యూటర్‌లో ఒకదాని వెంట ఒకటి వేగంగా తిప్పి చూడండి. చెట్టు మొదలు అటూ ఇటూ గెంతుతున్నట్టు కనిపిస్తే నిలబడే చోటు మారుతోందని అర్థం. ఆకాశరేఖ పైకీ కిందికీ కదిలితే కెమెరా ఎత్తు మారుతోంది. రెండూ నిలకడగా ఉండి వెలుగు, నేల రంగు మాత్రమే మారుతుంటే పని సరిగా జరుగుతున్నట్టే.

5. మంచు, పొగమంచు ఉన్న రోజుల్లో ఎక్స్‌పోజర్ సరిచేయండి

2021 జనవరి 24న లండన్‌లో మంచు కురిసిన తరువాత నాకు వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం దీని గురించే. కెమెరా తనకు కనిపించే దృశ్యమంతా సగటున మధ్యస్థమైన బూడిదరంగు అనుకుని వెలుగును లెక్కిస్తుంది. ఫ్రేమ్ నిండా తెల్లని మంచు ఉంటే దాన్ని కూడా బూడిదరంగుకు దించేస్తుంది. అందువల్ల ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (కెమెరా లెక్కించిన వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగు) మీరే పెంచాలి: ఎండలో మెరిసే మంచుకు +1.5 నుంచి +2, మబ్బు కింద మంచుకు +1, పొగమంచుకూ ఫ్రాస్ట్‌కూ +0.7 నుంచి +1 వరకు. ఫోన్‌లో అయితే తెర మీద మంచును తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరపండి.

ఫలితాన్ని తెర మీది బొమ్మను బట్టి నిర్ణయించకండి; చుట్టూ వెలుగు ఎక్కువగా ఉన్నప్పుడు తెర చీకటిగానూ, సాయంకాలం మరీ వెలుగ్గానూ కనిపిస్తుంది. హిస్టోగ్రామ్ (ఫొటోలో ఎడమ నుంచి కుడికి చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూడండి. మంచు తాలూకు గుట్ట మధ్యకు కుడివైపున ఉండి, కుడి అంచును తాకకుండా ఆగితే సరిగా వచ్చినట్టు. అంచుకు అతుక్కుపోతే మంచులోని గరుకుదనం పోయి తెల్ల కాగితం మిగులుతుంది, అప్పుడు 0.3 తగ్గించి మళ్లీ తీయండి. పొగమంచులో గుట్ట మధ్యలోనే ఇరుకుగా ఉండటం సహజం. దాన్ని ఇంటికి వచ్చాక సాఫ్ట్‌వేర్‌తో రెండు వైపులకూ సాగదీస్తే పొగమంచే మాయమవుతుంది, ఆ పని చేయకండి.

కురుస్తున్న మంచు తునకలు విడివిడిగా కనిపించాలంటే షట్టర్ వేగం 1/250 లేదా అంతకు పైన ఉండాలి. గీతల్లా సాగాలంటే 1/60 చాలు. ఏ వేగమైనా సరే, వెనుక ముదురు రంగు ఉండాలి, ఇటుక గోడ గానీ, సతత హరిత చెట్టు గానీ. తెల్లని ఆకాశం ముందు తెల్లని తునకలు కనిపించవు. ఫ్లాష్ ఆపేయండి. నీడలో ఉన్న మంచు నీలంగా వచ్చిందని కంగారుపడి పూర్తిగా తెలుపు చేయకండి. నీలాకాశం వెలుగు పడిన నీడ కొంచెం నీలంగా ఉంటేనే చలి తెలుస్తుంది.

పొగమంచు ఉన్న రోజున దగ్గరగా ఒక వస్తువు, కాస్త దూరంగా మరొకటి, ఇంకా దూరంగా వేరొకటి ఉండేలా నిలబడితే ఒక్కొక్కటీ ఒక్కో స్థాయిలో పలచబడి లోతు వస్తుంది. ఆటో ఫోకస్ పట్టుకోలేక ముందుకూ వెనక్కూ వెతుకుతుంటే చెట్టు బోదె అంచు వంటి ముదురు చోట ఫోకస్ చేసి, బటన్ సగం నొక్కిపట్టి ఫ్రేమ్ సరిచేసుకోండి.

6. మంచూ ఎండా లేని మామూలు రోజుల్లో ఏం తీయాలి

నిజానికి ఈ కాలంలో ఎక్కువ రోజులు ఇలాగే ఉంటాయి. మబ్బు కమ్మిన ఆకాశాన్ని ఫ్రేమ్ నుంచి తీసేయండి, కళ్లను కిందికీ దగ్గరికీ దించండి. ఆ మెత్తని వెలుగు చెట్టు బెరడుకు చాలా మంచిది. లండన్ వీధుల్లోని ప్లేన్ చెట్ల పొలుసులు ఊడిన మచ్చల బెరడు, బిర్చ్ చెట్ల తెల్లని బెరడు ఎండలో కంటే మబ్బులోనే బాగా వస్తాయి. జనవరి చివరి నుంచి స్నోడ్రాప్ పూలు, హేజెల్ చెట్లకు వేలాడే పసుపు కంకులు కనిపిస్తాయి. స్నోడ్రాప్‌లు తల వంచుకుని ఉంటాయి కనుక పైనుంచి తీస్తే ఏమీ కనిపించదు. కెమెరాను నేలకు ఆనించి పక్కనుంచి తీయండి. దారి పక్కన పారేసిన క్రిస్మస్ చెట్లు, కిటికీల్లో పిల్లలు అంటించిన ఇంద్రధనుస్సు బొమ్మలు, మూసి ఉన్న దుకాణాల తలుపుల మీది నోటీసులు ఆ లాక్‌డౌన్ చలికాలానికి చెందినవి. వీటిని తీసి ఉంచమని నేను అప్పుడు ప్రత్యేకంగా కోరాను.

లండన్ పార్కుల్లో గుంపులుగా అరుస్తూ తిరిగే ఆకుపచ్చని చిలుకలు మన ఊళ్లలోని రామచిలుకల జాతివే. ఆకులు లేని కొమ్మల మీద అవి స్పష్టంగా కనిపిస్తాయి. ఎగిరే పక్షికి కనీసం 1/1000, కూర్చున్న పక్షికి 1/250 వేగం ఉంచండి. చిన్న లెన్స్‌తో పక్షిని పెద్దగా పట్టాలని ప్రయత్నించవద్దు. చెట్టంతా తీసి, అందులో పక్షులను చుక్కల్లా చూపండి.

నీటి గుంటల్లో ప్రతిబింబాలు తీసేటప్పుడు కెమెరాను నీటికి దగ్గరగా దించి, నీటి ఉపరితలం మీద కాకుండా ప్రతిబింబంలోని వస్తువు మీద ఫోకస్ చేయండి.

7. జాగ్రత్తలు, మర్యాదలు

గడ్డకట్టిన చెరువు మీద, కాలువ మీద ఎట్టి పరిస్థితుల్లోనూ అడుగు పెట్టవద్దు. పిల్లలు వెంట ఉంటే ముందుగానే చెప్పండి. తడిగా మాత్రమే కనిపించే దారి మీద పలుచని బ్లాక్ ఐస్ ఉండవచ్చు. వ్యూఫైండర్‌లో చూస్తూ నడవకండి. ఆగిన తరువాతే కెమెరా ఎత్తండి, కెమెరా పట్టీ మెడలోనో మణికట్టుకో ఉండాలి. ఆసుపత్రుల మీద అంత ఒత్తిడి ఉన్న ఆ సమయంలో జారిపడి చేయి విరగ్గొట్టుకోకుండా ఉండటం మన బాధ్యత అయింది.

బహిరంగ ప్రదేశాల్లో ఫొటోలు తీయడానికి ఇక్కడ సాధారణంగా అనుమతి అవసరం లేదు. అయినా ఇతరుల పిల్లలను, ఆటస్థలాలను తీయకండి. ఇంటి కిటికీ తీసేటప్పుడు లోపలి మనుషులు కనిపించకుండా చూడండి. ఎవరైనా అడిగితే ఫొటో చూపించి, వద్దంటే వారి ఎదుటే తొలగించండి.

8. ఇంటికి రాగానే కెమెరాను బయటకు తీయకండి

చల్లబడిన కెమెరా హీటర్ వేసిన గదిలోకి రాగానే గదిలోని తేమ దాని మీద నీటి బిందువులుగా పేరుకుంటుంది. పైన పట్టిన నీరు ఆరిపోతుంది, లెన్స్ లోపల పట్టినది మాత్రం బూజుకు దారితీయవచ్చు. తలుపు తీయక ముందే, బయటే మెమరీ కార్డు తీసుకుని, కెమెరాను జిప్ కవరులో పెట్టి గాలి పిండేసి మూసేయండి. అప్పుడు నీరు కవరు మీదే పడుతుంది. ఒకటి రెండు గంటలు, గది వేడికి కెమెరా అలవాటు పడేవరకు అలాగే ఉంచండి. కవరు లేకపోతే కెమెరా బ్యాగు జిప్ పూర్తిగా మూసి, వేడి తక్కువగా ఉండే వరండాలో ఉంచవచ్చు. త్వరగా ఆరాలని రేడియేటర్ మీద పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ వాడటం రెండూ ప్రమాదమే.

నడుస్తుండగా వెచ్చదనం కోసం కెమెరాను కోటు లోపల దాచుకోవడం కూడా ఇలాంటి పొరపాటే. ఒంటి తేమ దాని మీద చేరుతుంది. లోపల ఉంచవలసింది బ్యాటరీని. లెన్స్ మీద మంచు పడితే నోటితో ఊదకండి, ఊపిరి తేమ అక్కడే గడ్డకడుతుంది. బ్లోయర్ వాడండి.

9. వారానికి ఒకసారి ఏరండి

ఆరోజు ఫొటోలను ఆరోజే కంప్యూటర్‌లోకి మార్చి, తేదీతో ఫోల్డర్ పెట్టండి, కానీ ఏరడం మాత్రం వారం చివరికి వాయిదా వేయండి. తీసిన రోజున పడ్డ శ్రమ గుర్తుండి చెత్త ఫొటో కూడా బాగున్నట్టే అనిపిస్తుంది. మొదట చిన్న బొమ్మలుగా చూడండి. ఆ పరిమాణంలో కూడా ఆకారం తెలిసే ఫొటోలనే ఉంచండి. తరువాత 100 శాతం పెద్దది చేసి ముఖ్యమైన చోట స్పష్టత చూడండి. అంతా ఒకే దిశలో అలుక్కుపోయి ఉంటే చేయి కదిలింది, షట్టర్ వేగం పెంచాలి. వెనుక కొమ్మ స్పష్టంగా ఉండి ముందు పువ్వు మసకగా ఉంటే ఫోకస్ తప్పింది, ఫోకస్ పాయింటును మీరే ఎంచుకోవాలి. రెండు వారాలపాటు ఒకే లోపం కనిపిస్తే మూడవ వారమంతా దాన్ని సరిచేయడానికే నడవండి.

10. బయటకు వెళ్లలేని రోజుల్లో

జ్వరం, ఆగని దగ్గు, వాసన తెలియకపోవడం వంటి కొవిడ్ లక్షణాలు ఉంటే, లేదా ఐసోలేషన్‌లో (ఇతరులకు దూరంగా ఇంట్లోనే) ఉండమని చెబితే, ఆ 10 రోజులూ వ్యాయామం కోసం కూడా బయటకు వెళ్లకూడదన్న నియమం అప్పుడు ఉండేది. బయటకు వెళ్లలేని అలాంటి రోజుల్లో నాలుగవ మెట్టులో చెప్పిన పనిని కిటికీ నుంచి చేయండి. గదిలో దీపం ఆపి, అద్దాన్ని లోపలి నుంచి తుడిచి, లెన్స్ హుడ్‌ను అద్దానికి ఆనించి తీస్తే గది ప్రతిబింబం పడదు. అద్దానికి పట్టిన తేమ మీద ఫోకస్ చేసి వెనుక వీధిని మసకగా వదిలేయడం మరొక పద్ధతి. మళ్లీ బయట నడక మొదలైనప్పుడు మీ పాత చోటి ఫొటోల వరుసలో ఆ తేదీలను ఖాళీగానే ఉంచండి. వేరే రోజు ఫొటోతో నింపకండి.